నీటికీ బిడ్డకూ మధ్య ఒక తలుపు



ఏటా ఈ సంచికలో పిల్లల చదువుల గురించీ, పేద రోగుల వైద్యం గురించీ, వితంతువుల సహాయం గురించీ రాసుకుంటాం. ఈసారి కొన్ని పేజీలు మరో విషయానికి కేటాయిస్తున్నాం. ఇంటి దగ్గరి నీటిలో, ముఖ్యంగా ఈతకొలనుల్లో, ఐదేళ్లలోపు పసిపిల్లలు మునిగిపోకుండా ఎలా కాపాడుకోవాలన్నదే ఆ విషయం.

‘మన ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ ఎక్కడున్నాయి, మనకెందుకు ఈ గొడవ’ అని కొందరికి అనిపించవచ్చు. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు కాదు. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపుల ఫామ్‌హౌస్‌లు రోజువారీ అద్దెకు దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి ఈతకొలనే ప్రధాన ఆకర్షణ. అఖీఖా, వలీమా, పండుగ మరునాటి కుటుంబ దావతు అక్కడే జరుపుకుంటున్నాం. గేటెడ్ కాలనీల్లో కొలను ఉంది. దుబాయ్, దోహా, జెద్దాల్లో విల్లాల్లో ఉండే మన బంధువుల ఇంటి వెనక కొలను ఉంది. అమెరికాలో డల్లాస్, హ్యూస్టన్ లాంటి ఊళ్లలో స్థిరపడిన కొడుకుల, కూతుళ్ల ఇళ్లలోనూ ఉంది. మనవళ్లను చూసుకోవడానికి ఆరు నెలలు అక్కడికి వెళ్లే నానీలూ దాదీలూ మనలో ఎందరో ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా నీట మునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షల మంది. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. మన దేశంలో 2022లో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా అని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. చెరువులు, కాలువలు, బావులు, నదులు అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొట్టమొదటి కారణం జబ్బు కాదు, రోడ్డు ప్రమాదం కాదు, నీట మునగడం. ఆ వయసు పిల్లలు ఎక్కువగా మునిగేది ఇంటి ఈతకొలనులోనే.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పసిబిడ్డను నీటి నుంచి కాపాడే పనిని కేవలం పెద్దల కంటిచూపుకు అప్పగించకూడదు. బిడ్డకూ నీటికీ మధ్య తనంతట తానే మూసుకునే తలుపు ఉండాలి. చూపు దాని తర్వాతి కాపలా. ఎందుకలా అంటున్నామో వివరిస్తాం.

ప్రమాదం ఎప్పుడు జరుగుతుంది?

పిల్లలు మునిగిపోయారంటే ‘ఎవరూ పట్టించుకోలేదు, తల్లి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది’ అని వెంటనే అనేస్తాం. వాస్తవం అలా లేదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంఘం 1980లలో అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ఇంటి కొలనుల్లో మునిగిన ఐదేళ్లలోపు పిల్లల ఉదంతాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. అందులో తేలిన విషయాలు ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసినవి.

ప్రమాదం జరిగిన సమయంలో చాలామంది పిల్లలు తల్లి లేక తండ్రి, లేదా ఇద్దరి సంరక్షణలోనే ఉన్నారు. మునిగినవారిలో 69 శాతం మంది ఆ సమయంలో కొలను దగ్గర ఉంటారని ఎవరూ ఊహించలేదు. దాదాపు సగం మందిని చివరిసారి చూసింది ఇంటి లోపలే. అంటే టీవీ ముందో, మంచం మీదో, వంటింటి గడప దగ్గరో. 77 శాతం మంది కనబడకుండా పోయిన సమయం 5 నిమిషాలు లేక అంతకంటే తక్కువ. 65 శాతం ఉదంతాల్లో ఆ కొలను బిడ్డ సొంత ఇంటిదే. మిగతావాటిలో దాదాపు అన్నీ బంధువులవీ స్నేహితులవీ.

ఈ అంకెలు మనకు చెప్పేదేమిటి? బిడ్డ నీళ్లలో ఆడుకుంటున్నప్పుడు అందరికీ నీళ్లు గుర్తుంటాయి. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఎక్కువ ప్రమాదాలు జరిగేది ఆ వేళలో కాదు. ఈత అయిపోయి, బట్టలు మార్చి, అందరూ అన్నానికి లోపలికి వచ్చాక జరుగుతాయి. తల్లి చిన్నవాడికి పాలు పడుతుంటుంది. నాన్న గేటు దగ్గర అతిథులను సాగనంపుతుంటాడు. బిడ్డ పిన్ని దగ్గర ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని పిన్ని అనుకుంటారు. ఆ మూడు నాలుగు నిమిషాల్లో బిడ్డ వెనక తలుపు తోసుకుని, నీటి మీద తేలుతున్న రంగు బంతి కోసం వెళ్తాడు. అప్పుడు ఆ ఇంట్లో ఎవరి మనసులోనూ నీళ్లు లేవు. మనసులో లేని ప్రమాదాన్ని కన్ను కాపలా కాయలేదు. ఆ ఇంట్లో నిర్లక్ష్యపు మనుషులెవరూ లేరు. లేనిది తలుపు.

చప్పుడు చేయని ప్రమాదం

మరో అపోహ కూడా ఉంది. మునిగే బిడ్డ అరుస్తాడు, చేతులు కొట్టుకుంటాడు, నీళ్లు ఎగజిమ్ముతాయి, మనకు వినబడుతుంది అనుకుంటాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. నిజంగా మునిగేవారికి అరిచే వీలుండదు. నోరు నీటి పైకి వచ్చిన అరక్షణంలో ఊపిరి పీల్చుకోవడమే కష్టం, ఇక మాట ఎక్కడిది? అమెరికా లైఫ్‌గార్డు ఫ్రాంక్ పియా ఇలాంటి ఉదంతాలను గమనించి, మునుగుతున్న మనిషి చేతులు పైకెత్తి ఊపలేడని, నీటిని కిందికి నొక్కే ప్రయత్నంలోనే ఉంటాడని వివరించాడు. ఆ పెనుగులాట 20 నుంచి 60 సెకన్ల లోపే ముగిసిపోతుంది. పసిబిడ్డ విషయంలో ఆ మాత్రం పెనుగులాట కూడా ఉండకపోవచ్చు. తల బరువుకు ముందుకు పడి, చప్పుడు లేకుండా కిందికి జారిపోతాడు. పక్క గదిలో ఉన్న అమ్మకు ఏమీ వినబడదు.

రెండు మూడు నిమిషాల్లో స్పృహ పోతుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడుకు తీరని నష్టం మొదలవుతుంది. బతికి బయటపడిన పిల్లల్లో కొందరు జీవితాంతం మంచానికే పరిమితమవుతారు. పైన చెప్పిన 5 నిమిషాలను ఈ 4 నిమిషాల పక్కన పెట్టి చూడండి. వెతకడం మొదలుపెట్టేసరికే ఆలస్యమవుతోంది.

అందుకే ప్రతి ఇంట్లో ఒక నియమం ఉండాలి. బిడ్డ కనబడకపోతే ముందుగా నీళ్లలో చూడాలి. మంచాల కింద, మేడ మీద, పక్కింట్లో వెతకడం ఆ తర్వాత.

కంచె ఎలా ఉండాలి?

ఈతకొలను చుట్టూ కంచె ఉందంటే సరిపోదు, ఎలాంటి కంచె అన్నది చూడాలి. మన దగ్గర చాలా ఫామ్‌హౌస్‌లకు చుట్టూ ఎత్తైన ప్రహరీ గోడ, పెద్ద గేటు ఉంటాయి. యజమాని ‘మాకు భద్రత ఉంది’ అంటాడు. ఆ గోడ బయటి పిల్లలను ఆపుతుంది. ఇంట్లోని బిడ్డను ఆపదు. ఇంటి వెనక తలుపు తీస్తే నేరుగా కొలనే. ప్రమాదం ఎక్కువగా ఆ ఇంటి బిడ్డకూ, అతిథుల బిడ్డకూ జరుగుతుందని పైన చూశాం.

కావలసింది కొలనుకు మాత్రమే నాలుగు వైపులా ఉండే కంచె. ఇంటికీ కొలనుకూ మధ్య కూడా కంచె ఉండాలి. మూడు వైపులా కంచె, నాలుగో వైపు ఇంటి గోడ ఉన్న కొలనులతో పోలిస్తే, నాలుగు వైపులా కంచె ఉన్న కొలనుల్లో పిల్లలు మునిగే ప్రమాదం 83 శాతం తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

మేస్త్రీకి, వెల్డింగ్ షాపు వారికి చెప్పవలసిన కొలతలు ఇవి. కంచె ఎత్తు కనీసం 4 అడుగులు. నిలువు కడ్డీల మధ్య సందు 4 అంగుళాలకు మించకూడదు, లేకపోతే బిడ్డ తల దూరుతుంది. కంచె అడుగున నేలకూ కడ్డీలకూ మధ్య ఖాళీ కూడా 4 అంగుళాలు దాటకూడదు. నిచ్చెన మెట్లలా కాలు పెట్టి ఎక్కడానికి వీలయ్యే అడ్డ కడ్డీలు, డిజైన్ పూలు ఉండకూడదు. గేటు కొలను వైపు కాకుండా బయటి వైపుకు తెరుచుకోవాలి. చేయి వదలగానే స్ప్రింగుతో తనంతట తానే మూసుకుని, తనంతట తానే గడియ పడాలి. ఆ గడియ బిడ్డ చేయి అందని చోట, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి. గేటు అంత ఎత్తు లేకపోతే గడియను లోపలి వైపు, గేటు పై అంచుకు కనీసం 3 అంగుళాల కిందికి బిగించాలి. కంచె పక్కన కుర్చీలు, పూలకుండీలు, కూలర్లు పెట్టకూడదు. బిడ్డకు అవి మెట్లవుతాయి. దావతు రోజున గేటుకు రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచితే ఆ కంచె ఉన్నా లేనట్టే.

ఇది ఏదో అతి జాగ్రత్త అనుకోనక్కర్లేదు. ఫ్రాన్స్ 2003లో చట్టం చేసి, నేలలో కట్టిన ప్రతి ప్రైవేటు కొలనుకూ కంచె, అలారం, భద్రతా కప్పు, పైకప్పు నిర్మాణం అనే నాలుగింటిలో కనీసం ఒకటి తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో ఇంటి కొలనుకు కంచె లేకపోతే జరిమానా పడుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఇందుకోసం 1992 నుంచీ ప్రత్యేక చట్టమే ఉంది.

కొలను మీద టార్పాలిన్ పరిస్తే చాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఆ పట్టా బిడ్డ బరువు మోయదు. బిడ్డ దాని మీద అడుగు వేస్తే పట్టాతో సహా లోపలికి పోతాడు, పైనుంచి కనబడడు కూడా. వాడకం లేని రోజుల్లో పాచి పట్టి ఆకుపచ్చగా మారిన కొలను మరీ ప్రమాదకరం. అడుగున ఏముందో కనబడదు. సీజన్ అయిపోయాక నీళ్లు తీసేయడమో, శుభ్రంగా ఉంచడమో చేయాలి. అడుగున నీటిని లాగే డ్రెయిన్ జాలీ విరిగినా, ఊడినా ఆ కొలనులో ఎవరినీ దింపకూడదు. పంపు లాగే బలానికి బిడ్డ జుట్టు గానీ, చేయి గానీ దానికి అతుక్కుంటే పెద్దవాళ్లు లాగినా రాదు. అమెరికాలో 2007లో ఈ జాలీల కోసమే ఒక చట్టం చేశారు.

చూపు ఎలా ఉండాలి?

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి పని అదొక్కటే కావాలి. పదిమంది పెద్దలు ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, అందరూ చూస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ చూడరు. అందువల్ల దావతులో ఒకరి పేరు పెట్టి అప్పగించాలి. ‘ఖాలూ, ఈ పావుగంట మీరు’ అని చెప్పాలి. పావుగంట తర్వాత ఆయన ‘ఇక నీ వంతు బేటా’ అని ఇంకొకరికి నోటితో చెప్పి, వారు ‘సరే’ అన్నాకే లేవాలి. ఆ సమయంలో ఫోన్ జేబులోనే ఉండాలి. ఈత రాని చిన్నపిల్లలైతే చూసే మనిషి చేయి చాపితే అందేంత దూరంలో, అంటే నీళ్లలోనే ఉండాలి.

ఎనిమిదేళ్ల అక్కకు రెండేళ్ల తమ్ముణ్ణి అప్పగించడం మన ఇళ్లలో మామూలే. కొలను దగ్గర అది పనికిరాదు. తమ్ముడు పడితే అక్క కూడా దూకుతుంది, ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది.

గాలి నింపిన ట్యూబులు, చేతులకు తొడిగే రెక్కలు బొమ్మలే గానీ రక్షణ కాదు. అవి జారిపోతాయి, గాలి దిగిపోతాయి, బిడ్డ తలకిందులైతే అలాగే పట్టి ఉంచుతాయి. ఈత నేర్పడం మంచిదే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాది దాటిన పిల్లలకు ఈత పాఠాలు కొంత మేలు చేస్తాయని చెబుతోంది. అయితే ఈత పాఠాలు ఏ బిడ్డనూ మునగకుండా చేయలేవని కూడా అదే సంఘం గట్టిగా హెచ్చరిస్తోంది. ఈత అయిపోగానే బంతులు, బొమ్మలు అన్నీ నీళ్లలోంచి తీసేయాలి. తేలే బొమ్మ బిడ్డను పిలుస్తూనే ఉంటుంది.

ఫామ్‌హౌస్ బుక్ చేసే ముందు మనవాళ్లు భోజనాల ఏర్పాటు, పార్కింగ్, నమాజుకు జాగా గురించి అడుగుతారు. ఇక మీదట మరో నాలుగు మాటలు కూడా అడగండి. కొలనుకు నాలుగు వైపులా కంచె ఉందా? గేటు దానంతట అది పడుతుందా? గదుల నుంచి కొలను వైపు వెళ్లే తలుపుకు పైన గడియ ఉందా? ఈత తెలిసిన మనిషి ఆ రోజంతా ఉంటాడా? లేదని చెబితే వేరే చోటు చూసుకోండి. పదిమంది ఇలా అడగడం మొదలుపెడితే పదకొండో యజమాని అడగకముందే కంచె కట్టిస్తాడు.

కొలను లేని ఇంట్లో సంపు ఉంది

ఇంతవరకు చెప్పింది స్తోమత ఉన్నవారి ఇళ్ల సంగతి. మనం సహాయం చేసే కుటుంబాల ఇళ్లలో ఈతకొలను ఉండదు, సంపు ఉంటుంది. నగరంలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కనుక ఇరుకు ఇంట్లోనూ నేలలో సంపు తప్పదు. వాకిట్లోనో, మెట్ల కిందో, ఒక్కోసారి గదిలోనో రెండడుగుల చదరపు నోరు, దాని మీద తుప్పు పట్టిన రేకు మూత. నీళ్లు ఎంత వచ్చాయో చూడటానికి, మోటారు బాగు చేయడానికి మూత తీసి పక్కన పెడతారు. ఈలోగా ఎవరో పిలుస్తారు. బిడ్డ అందులో పడితే కొలనులో పడినదాని కంటే ఘోరం. లోపల చీకటి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పెద్దమనిషి దిగడానికీ కష్టం.

ఇక్కడా సూత్రం అదే. మూత గట్టిగా ఉండాలి, తాళం ఉండాలి. మూత కింద, సంపు నోటికి అడ్డంగా మరో ఇనుప జాలీ బిగిస్తే ఇంకా మంచిది. పైమూత తీసి ఉన్నా జాలీ బిడ్డను ఆపుతుంది. నీటి పైపు, మోటారు పైపు పట్టేంత రంధ్రం వదిలితే చాలు. ఇది కాలనీలోని వెల్డింగ్ దుకాణంలో అయ్యే పని.

సొంత ఇల్లు కట్టిస్తున్న దాతలకు ప్రత్యేకంగా ఒక మనవి. పునాదుల దశలోనే సంపు తవ్వి, కాంక్రీటు క్యూరింగ్ కోసం నీళ్లు నింపి, నోరు తెరిచి వదిలేస్తారు. ఆ స్థలంలోనే వాచ్‌మన్ కుటుంబం, కూలీల పిల్లలు ఉంటారు. పగలంతా తల్లీ తండ్రీ పనిలో ఉంటారు. ఆ పిల్లలు మన బాధ్యత. మన ఇంటి సంపు మీద మూత పడేవరకు ఆ బాధ్యత తీరదు.

బకెట్టును కూడా తక్కువగా చూడకండి. నడక నేర్చుకుంటున్న బిడ్డకు తల బరువెక్కువ. బకెట్టులోకి తొంగిచూసి తలకిందులైతే తిరిగి లేవలేడు. ఒకటి రెండు అంగుళాల నీళ్లు ముక్కు, నోరు మూసేయడానికి చాలు. బట్టలు ఉతికిన టబ్బు, స్నానాల గదిలోని డ్రమ్ము, మసీదు హౌజు, పొలంలోని బావి, అన్నింటికీ అదే జాగ్రత్త. వాడగానే బకెట్టు బోర్లించడం, స్నానాల గది తలుపుకు పైన గడియ పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఈ విషయంలో బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడి పల్లెల్లో ప్రతి ఇంటి వెనకా చెరువే. అన్నిటికీ కంచె కట్టడం కుదరదు. పిల్లలు మునిగేది ఎక్కువగా తల్లులు ఇంటి పనుల్లో ఉండే ఉదయం వేళలోనే అని గమనించారు. ‘అంచల్’ పేరుతో ఊళ్లోనే, ఊరి ఆడపడుచు ఇంట్లోనే, ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలకు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు సంరక్షణ కేంద్రాలు నడిపారు. మరణాలు బాగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నీటికి అడ్డుకట్టలతో పాటు, బడికి వెళ్లని వయసు పిల్లలకు నీటికి దూరంగా సురక్షితమైన చోటు కల్పించాలని సిఫారసు చేస్తోంది. పెద్ద భవనాలు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేని పని ఇది. ఒక గది, ఒక నమ్మకమైన ఆడమనిషి, నాలుగు గంటలు చాలు.

బయటకు తీశాక ఏం చేయాలి?

ఎంత జాగ్రత్త పడినా ప్రమాదం జరగవచ్చు. అప్పుడు మొదటి ఐదు నిమిషాల్లో పక్కనున్న మనిషి చేసేదే బిడ్డను బతికిస్తుంది. మన దగ్గర చాలాచోట్ల బిడ్డను కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు. కొన్నిచోట్ల ఉప్పు కుప్పలో పడుకోబెడతారు. వీటివల్ల ప్రయోజనం లేదు. విలువైన నిమిషాలు పోతాయి. పొట్ట నొక్కితే లోపలున్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

చేయవలసింది ఇది. బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. గట్టిగా పిలవండి, తట్టండి. కదలిక లేకపోతే, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే, 108కి ఫోన్ చేయమని ఇంకొకరికి చెప్పండి. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్ పెట్టి నేల మీద ఉంచి పని మొదలుపెట్టండి. తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తండి. నీట మునిగిన బిడ్డకు ముందు కావలసింది గాలి. బిడ్డ ముక్కు మూసి, నోటి మీద నోరు పెట్టి, ఛాతీ పైకి లేచేంత మెల్లగా 5 సార్లు ఊదండి. ఏడాది లోపు శిశువైతే ముక్కు, నోరు రెండూ మీ నోటితో కప్పి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో, దాని మందంలో మూడో వంతు లోపలికి పోయేలా 30 సార్లు నొక్కండి. పసికందుకు ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్లతో, పెద్ద పిల్లలకు ఒక అరచేతి మడమతో. వేగం నిమిషానికి 100 నుంచి 120. మళ్లీ 2 సార్లు ఊదండి, మళ్లీ 30 నొక్కండి. బిడ్డ ఊపిరి తీసుకునే వరకో, అంబులెన్స్ వచ్చే వరకో ఆపకండి. తేరుకుని ఏడ్చినా సరే ఆసుపత్రికి తప్పక తీసుకెళ్లాలి.

చదివినంత మాత్రాన చేతికి అలవాటు కాదు. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తాయి. ఇంటికొక్కరైనా బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. ముందుగా నేర్చుకోవలసింది మనవళ్లను చూసుకునే నానీలూ దాదీలే.

దాతలకు మనవి

బిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు ‘తఖ్దీర్’ అనే మాట వినబడుతుంది. దుఃఖంలో ఉన్న తల్లికి ఆ మాట ఊరట. మనం దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ మాట చెప్పుకోవలసింది మన చేతిలో ఉన్నది మనం చేసిన తర్వాత. పిల్లలు మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానత్. అమానత్‌ను తాళం లేని పెట్టెలో ఎవరూ పెట్టరు.

ఈ సంచిక చదువుతున్న దాతల్లో ఫామ్‌హౌస్ యజమానులున్నారు. ఇళ్లు కట్టించే బిల్డర్లున్నారు. ఇళ్లు అద్దెకిచ్చేవారున్నారు. మసీదు కమిటీల పెద్దలున్నారు. మీలో ప్రతి ఒక్కరినీ మేము కోరేది ముందుగా మీ సొంత నీటికి తలుపు పెట్టమని. మీ కొలనుకు నాలుగో వైపు కంచె కట్టించండి. మీ అద్దె ఇళ్ల సంపుల మూతలు ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రండి. మీ కట్టడం దగ్గర సంపు నోరు ఈ వారమే మూయించండి.

ఆ తర్వాత, మన బస్తీల్లోని పేద కుటుంబాల సంపులకు జాలీలు, మూతలు బిగించేందుకు తోడ్పడండి. బిడ్డ పోయాక ఆ కుటుంబానికి మనం ఎంత సాయం చేసినా పోయింది తిరిగి రాదు. పోకముందు చేసే సాయం ఒక ఇనుప మూత, ఒక తాళం ఖర్చు. ఈ దానానికి ఫొటో ఉండదు, సన్మానం ఉండదు. ఏ బిడ్డ దానివల్ల బతికాడో ఎవరికీ తెలియదు. ఆ బిడ్డకూ తెలియదు. సాయంత్రం ఆడుకుని, అన్నం తిని, తల్లి పక్కన నిద్రపోతాడు, అంతే.

అల్లాహ్ మన పిల్లలందరినీ, ఇరుగుపొరుగు పిల్లలందరినీ చల్లగా కాపాడుగాక. ఆమీన్.